గొర్రెదాటు: మంద నడకలోని మర్మం



ఒకడు చేసిన పనిని ముందువెనుకలు చూడకుండా పదిమందీ చేస్తే దానిని 'గొర్రెదాటు' అంటాం. మాట తేలికగా అనేస్తాం గాని, ఆ గొర్రెదాటు ఎట్లా పుడుతుందో ఆలోచించేవారు తక్కువ. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీకు తెలుసు. దానికి తోడు కె.సి. కాలువ ఉన్నది. పొద్దున్నే రెండు వందల జీవాలను తోలుకొని రోడ్డు ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటించవలసిన కాపరికి గొర్రెదాటు అనేది సామెత కాదు, అది అతని బతుకుతెరువు. ముందున్న గొర్రె లారీకి అడ్డంగా ఉరికిందంటే వెనుకవి ఆగవు. ముందున్నది కాలువలో పడితే వెనుకవి దాని మీదనే పడతాయి. ఏండ్ల తరబడి సాకిన సొత్తు అరనిమిషంలో పోతుంది. కనుక మంద ఎందుకు కదులుతుంది, ఎట్లా కదులుతుంది, దానిని ఎక్కడ పట్టుకొంటే మన మాట వింటుంది అనే సంగతులు ఈ పూట చెప్పుకొందాం.

మొదటి ప్రశ్న: మందకు పెద్ద ఎవరు?

దూరం నుంచి చూస్తే మంద అంతా ఒకే ప్రాణి నడిచినట్లు ఉంటుంది. లోపల ఎవరో ఉండి 'నడువు, ఆగు, మళ్లు' అని చెబుతున్నట్లు తోస్తుంది. కొమ్ముల పొట్టేలే మందకు పెద్ద అని కొందరంటారు. ముసలి గొర్రె దారి చూపుతుందని మరికొందరంటారు. అలవాటైన జీవం ముందు నడవడం నిజమే. కాని మందకంతా ఆజ్ఞ ఇచ్చేది మాత్రం ఏదీ లేదండీ. ప్రతి గొర్రె తన దగ్గర ఉన్న కొద్దింటిని గమనించుకొంటుంది. అవి కదిలితే తానూ కదులుతుంది, అవి నిలిస్తే తానూ నిలుస్తుంది. చివరనున్న దానికి మొదట ఉన్నది కనబడనే కనబడదు. అయినా అదే దారిన వస్తుంది.

అహోబిలం తిరునాళ్లలో రథం దగ్గర జనాన్ని తలచుకోండి. నడుమ చిక్కుకొన్న మనిషికి ముందు ఏమి జరుగుతున్నదో తెలియదు. తన ముందున్న వీపులు ఎటు కదిలితే అటే కదులుతాడు. ఎవ్వరూ చెప్పకపోయినా జనమంతా ఒక ఏరులాగా ఒకే వైపు పోతారు. మంద సంగతీ ఇంచుమించు అంతే.

ఈ మాట ఊహ మాత్రమే కాదు. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే అమెరికా ఆయన కంప్యూటరులో బొమ్మ పిట్టలను తయారుచేసి, వాటికి మూడే మూడు నియమాలు పెట్టినట్లు ప్రకటించాడు. పక్కదానికి మరీ దగ్గరై గుద్దుకోవద్దు. పక్కవి పోయే వైపే నువ్వూ పో. పక్కవాటికి మరీ ఎడం కావద్దు. నాయకుడు లేడు, పటం లేదు. ఆ మూడు నియమాలతోనే ఆ బొమ్మ పిట్టలు నిజం పిట్టల గుంపులాగా ఎగిరి, చీలి, మళ్లీ కలిశాయి.

ఇక అసలు గొర్రెల దగ్గరకు వద్దాం. ఫ్రాన్సులోని శాస్త్రజ్ఞులు ఒక గొర్రెకు తర్ఫీదు ఇచ్చి, సంజ్ఞ అందగానే మంద నుంచి బయలుదేరేటట్లు చేశారు. మిగిలినవి దాని వెంట ఎప్పుడు కదులుతాయో లెక్క పెట్టారు. 2011లో వచ్చిన ఆ పరిశోధనలో తేలిందేమంటే, ప్రతి గొర్రె రెండు వైపులా చూసుకొంటుంది. కదిలినవి ఎన్ని, నిలిచినవి ఎన్ని? కదిలినవి పెరిగే కొద్దీ దాని కాలు ముందుకు లాగుతుంది. నిలిచినవి ఎక్కువగా ఉంటే అది వెనక్కు లాగుతుంది. త్రాసు తట్టల మాదిరి అన్నమాట. ఒక తట్ట కొంచెం ఒరిగిందంటే ఇక ఒక్కసారిగా మొత్తం ఒరిగిపోతుంది.

2022లో ఫ్రాన్సు నుంచే వెలువడిన మరొక పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. చిన్న మందల్లో గొర్రెలు కాసేపు మేస్తాయి, కాసేపు నడుస్తాయి. నడిచేటప్పుడు ఒకటి ముందు పడుతుంది, మిగతావి వరుసగా దాని వెంట పోతాయి. మళ్లీ మేసి మళ్లీ బయలుదేరేటప్పుడు ముందు పడేది వేరొకటి కావచ్చును. పెద్దరికం ఒక్కదాని సొత్తు కాదు, వంతుల వారీగా చేతులు మారుతుంది. కనుక 'ఆ పొట్టేలును పట్టుకొంటే చాలు, మంద నా చేతిలో ఉన్నట్లే' అనుకొనే కాపరి ఒక్కొక్కసారి దెబ్బతింటాడు. ఆ పూట ముందు పడినది ఏదో కనిపెట్టడమే అసలు పనితనం.

మరి భయం కలిగినప్పుడు మంద ఎందుకు ఒక్కచోటికి ముద్దగా చేరుతుంది? 1971లో హామిల్టన్ అనే జీవశాస్త్రజ్ఞుడు దీనికి కారణం చెప్పాడు. అంచున ఉన్నదానికి అపాయం ఎక్కువ, నడుమ ఉన్నదానికి తక్కువ. కనుక ప్రతిదీ తన ప్రాణం కోసం నడుమకు దూరుతుంది. అది ఐకమత్యం కాదు, ఎవరి భయం వారిది. కాని చూసేవారికి ఐకమత్యం లాగానే కనబడుతుంది. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ శాస్త్రజ్ఞులు గొర్రెల వీపున జి.పి.ఎస్. పరికరాలు కట్టి, కుక్కను తోలి చూశారు. కుక్క దగ్గరకు వచ్చేకొద్దీ ప్రతి గొర్రె మంద నడుమకే పరిగెత్తినట్లు 2012లో వారు ప్రకటించారు. నల్లమల అంచు పల్లెల్లో చిరుతపులి వాసన తగిలినా, రాత్రి దొడ్డి మీద కుక్కలు పడినా జరిగేది ఇదే.

ఈ నాలుగు సంగతులూ తెలిసిన కాపరి ఏమి చేయాలి?

మొదటిది, రోడ్డు దాటించడం. మందను ఒక్కడే దాటించకూడదు. ముందొకరు, వెనుకొకరు ఉండి తీరాలి. దాటించే ముందు మందను రోడ్డుకు దూరంగానే నిలిపి, దగ్గరకు చేర్చుకోవాలి. ముందున్న మనిషి ఎర్రగుడ్డ చూపి రెండు వైపులా బండ్లను ఆపిన తరువాతనే మొదటి జీవాన్ని వదలాలి. ఒకసారి సగం దాటిన తరువాత నడుమ తెంచవద్దు. అవతల వందా ఇవతల వందా నిలిచినప్పుడు, ఇవతలి వంద బండి వస్తున్నదా లేదా అని చూడవు. అవతలి వందనే చూస్తాయి. త్రాసు అటు ఒరిగింది గదా. హారన్ కొట్టి మంద నడుమ నుంచి దూరిపోయే డ్రైవరు సోదరులు కూడా ఈ మాట గమనించవలెను. ఆపవలసి వస్తే మొదటి రెండు మూడు కాలు కదిపినప్పుడే ఆపాలి. అప్పుడు నిలిచినవే ఎక్కువ కనుక మంద మాట వింటుంది. ఇరవై దాటిపోయిన తరువాత కర్ర ఎంత ఆడించినా ఫలం ఉండదు.

రెండవది, కాలువ గట్టు, ఇరుకు వంతెన. నీళ్ల మెరుపు చూసి, నీడ చూసి ముందుది బెదిరి ఆగుతుంది. వెనుకనున్న పిల్లవాడు ఆ సంగతి తెలియక అదిలిస్తాడు. వెనుకవి నెడతాయి, ముందుది కాలువలో పడుతుంది. వంతెన మీద ముందుది ఆగితే వెనుక అదిలింపు కూడా ఆగాలి. మన కాపరులు మందలో నాలుగైదు మేకలను కలుపుకొనే ఆచారం ఊరక వచ్చింది కాదు. మేకకు చొరవ ఎక్కువ. అది ముందు కాలు పెడితే, 'కదిలినవి' అనే తట్టలో మొదటి బరువు పడుతుంది. చేతి మేతకు అలవాటైన ఒక గొర్రెను ముందు నడిపించినా అదే ప్రయోజనం.

మూడవది, తోలే పద్ధతి. గొర్రె కండ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక చుట్టూ చాలా మేర కనబడుతుంది, సరిగ్గా వెనుక మాత్రం కనబడదు. కాబట్టి వెనుకనే నిలబడి అరవకుండా, వెనుక ఒక పక్కగా, వాటికి కనబడే చోట నడవాలి. మరీ దగ్గరకు పోతే బెదిరి చెల్లాచెదరు అవుతాయి, మరీ దూరమైతే లెక్కచేయవు. 2014లో స్వీడన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులు మందను కాసే కుక్క పనిని పరిశీలించి, దాని విద్య అంతా రెండు మాటల్లో చెప్పారు. మంద చెదిరి ఉంటే ముందు దగ్గరకు చేర్చడం, దగ్గరకు చేరిన తరువాతనే ముందుకు తోలడం. మన ముసలి కాపరి చేసేదీ అదే. చెదిరిన మందను తోలబోతే రెండు మందలు అవుతాయి.

నాలుగవది, రాత్రి దొడ్డి. భయం పుట్టినప్పుడు అన్నీ ఒక మూలకు ఎగబడి, అడుగున పడినవి ఊపిరాడక చస్తాయి. కనుక పొలంలో ఎరువు కోసం మంద పెట్టించేటప్పుడు వలలు గాని తడికలు గాని నాలుగు మూలల పెట్టెలాగా కాకుండా, మూలలు లేకుండా గుండ్రంగా కట్టండి. ఖర్చు పెరగదు, ప్రాణాలు దక్కుతాయి.

అయిదవది, వెనుకబడ్డ జీవం. గొర్రె స్వభావం పక్కదాని వెంట పోవడం గదా? మరి అన్నీ కదిలినా ఒకటి కదలలేదంటే, అన్నీ దగ్గరకు చేరినా ఒకటి ఎడంగా నిలిచిందంటే, దానికి ఏదో బాధ ఉన్నదన్నమాట. కాలి గిట్ట చెడి ఉండవచ్చును, జ్వరం ఉండవచ్చును, ఈనబోతూ ఉండవచ్చును. దానిని సోమరి అని కొట్టకుండా పక్కకు తీసి చూడండి. పశువైద్యునికి చూపండి. నీలినాలుక వంటి జబ్బును ఒక రోజు ముందు పసిగడితే మందకు మేలు.

ఇప్పుడు చేను వైపు చూద్దాం. నేలమీద నడిచే మందకు ఉన్న నియమమే ఆకాశంలో ఎగిరే మందకూ ఉన్నది.

మన నల్లరేగడిలో మాఘి జొన్న కంకి పాలు పోసుకొనే రోజుల్లో గోరింక జాతి పిట్టలు గుంపులు గుంపులుగా వాలుతాయి. తల, రెక్కలు నలుపు, ఒళ్లు గులాబి. ఇవి ఈ నేల పక్షులు కావు. మధ్య ఆసియా వైపు పిల్లలు చేసుకొని చలికాలానికి ఇటు వస్తాయి. అవి మిడతలను, పురుగులను కూడా తింటాయి కనుక వాటిని చంపడం తెలివైన పని కాదు. చేను మీదికి రాకుండా చూసుకోవడమే పని. వాటి దాయాదులైన యూరపు గోరింకలు రోము నగరం మీద సాయంత్రం పూట వేలకొద్దీ చేరి మబ్బులాగా తిరుగుతాయి. ఇటలీ శాస్త్రజ్ఞులు అనేక ఫొటోలు తీసి లెక్కకట్టి 2008లో ప్రకటించిన విషయమిది: గుంపు ఎంత పెద్దదైనా ఒక్కొక్క పిట్ట తన దగ్గరి ఆరేడు పిట్టలనే గమనిస్తుంది. ఆ బృందంలోని జార్జియో పారిసీ గారికి, సంక్లిష్ట వ్యవస్థల మీద మొత్తంగా చేసిన కృషికి, 2021లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఆరేడు పిట్టల లెక్క మనకెందుకు అంటారా? వాలిన పిట్టలను చూసి మిగతావి వాలుతాయి. కనుక మొదటి పది పిట్టలు కంకి మీద కాలు మోపకముందే లేపాలి. గుంపు దిగిన తరువాత డబ్బా కొట్టడం కంటే, పొద్దు పొడిచే వేళ, పొద్దు గుంకే ముందు మంచె మీద మనిషి ఉండటం మేలు. దిష్టిబొమ్మను ఒకేచోట నెలరోజులు ఉంచితే పిట్టలు దానికి అలవాటు పడతాయి. చోటు మార్చండి. అన్నిటికన్నా ముఖ్యం, ఊళ్లో జొన్న అందరూ ఇంచుమించు ఒకే వారంలో విత్తుకోండి. ఒక్కడి చేనే ముందుగా కంకి వేస్తే గుంపంతా అక్కడే దిగుతుంది. అందరి చేలూ ఒకేసారి పండితే నష్టం పంచుకొన్నట్లవుతుంది.

ఇక పురుగు సంగతి. మిడతను తీసుకోండి. ఎడారి మిడత ఒంటరిగా ఉన్నప్పుడు సాధువు. తోటి మిడతను తప్పించుకొని తిరుగుతుంది. మేత తగ్గి ఒకచోట ఇరుక్కొన్నప్పుడు ఒకదాని కాలు ఒకదానికి తగులుతుంది. వెనుకకాళ్ల మీద ఆ తాకిడి పడీ పడీ దాని నరాల్లో సెరటోనిన్ అనే ద్రవ్యం పెరిగి, కొద్ది గంటల్లోనే అది గుంపు కోరే ప్రాణిగా మారుతుందని 2009లో తేలింది. రెక్కలు రాని పిల్ల మిడతలను గుండ్రటి బరిలో వదిలి చూసిన పరిశోధన 2006లో వచ్చింది. చదరపు మీటరుకు సుమారు 25 కంటే తక్కువ ఉంటే ఎటుదారి అటు. 74 వరకు చేరేసరికి అన్నీ ఒకే వైపు గంటల తరబడి కవాతు. మధ్యలో ఉన్నప్పుడు కాసేపు ఇటు, కాసేపు అటు. చూశారా? మారింది మిడత జాతి కాదు, ఒకచోట చేరిన లెక్క. ఇంకో వింత ఏమంటే, ఆ కవాతులో వెనుకనున్నది కొరుకుతుందన్న భయం కూడా ముందుకు తరుముతుందని 2008లో తేల్చారు. 2020లో ఎడారి మిడతల దండు రాజస్థాన్ దాటి మహారాష్ట్రలోని నాగపూరు వైపు వచ్చినప్పుడు మన రాష్ట్రంలోనూ రైతులు కంగారు పడ్డారు. జిల్లేడు చెట్ల మీద గుంపుగా కనబడే రంగుల మిడత వేరు, ఆ దండు వేరు. తేడా తెలుసుకొంటే అనవసరపు మందు ఖర్చు తప్పుతుంది.

రాయలసీమ వేరుశనగకు ఏండ్ల నుంచి తెలిసిన దండు మరొకటి ఉన్నది. అది ఎర్ర గొంగళిపురుగు. తొలకరి వాన పడగానే నేలలోని కోశాల నుంచి రెక్కల పురుగులు బయటపడి, ఆకుల మీద గుడ్లు గుంపులుగా పెడతాయి. పిల్ల పురుగులు కొన్నాళ్లు ఒకే ఆకు మీద కలిసి గీకి తింటాయి. ఎదిగి, ఉన్న ఆకు అయిపోగానే బారులు తీరి పక్క చేనికి నడుస్తాయి. కవాతు మొదలైన తరువాత మందు చల్లినా సగం ఫలమే. ఇక్కడా సూత్రం ఒకటే: లెక్క పెరగకముందే పట్టుకోవాలి. వేసవిలో లోతు దుక్కి దున్నితే కోశాలు పైకి తేలి పిట్టల పాలవుతాయి. తొలకరి తరువాతి రాత్రుల్లో మంటలు గాని దీపపు ఎరలు గాని పెడితే రెక్కల పురుగులు వచ్చి పడతాయి. గుడ్ల ముద్దలు, చిన్న పురుగులున్న ఆకులు ఏరి నాశనం చేయాలి. పొలం చుట్టూ నిలువుగోడల కందకం తీసి, అందులో జిల్లేడు కొమ్మలు వేస్తే నడిచే పురుగులు అక్కడ చేరుతాయి. అక్కడే చంపవచ్చును.

అయితే ఒక్కడు మంట పెట్టి పక్క నలుగురూ పడుకొంటే ఏమవుతుంది? ఆ నలుగురి చేలలో పెరిగిన పురుగు వారం తిరిగేసరికి ఇతని చేనికే వస్తుంది. పురుగుకు గట్టు తెలియదు, సర్వే నంబరు తెలియదు. అది గుంపుగా వస్తే మనం విడివిడిగా నిలబడి గెలవలేము.

ఇక్కడే విస్తరణ సోదరులకు ఒక మనవి. మనిషి కూడా తన చుట్టూ ఉన్న నలుగురిని చూసే నడుస్తాడు. పక్కవాడు ఏ విత్తనం వేస్తే అదే విత్తనం, పక్కవాడు ఏ మందు కొడితే అదే మందు. దీనిని మనం గొర్రెదాటు అని ఎగతాళి చేస్తాం. ఎగతాళి చేయడం కంటే వాడుకోవడం మేలు. ఊరందరినీ ఒకేసారి ఒప్పించాలని సభ పెట్టి అలసిపోనక్కరలేదు. వీధికి ఒకరు చొప్పున, పదిమందికి కనబడే పొలాలున్న రైతులను ఎంచుకొని, వారి చేత ముందు మంట పెట్టించండి, కందకం తీయించండి. కదిలినవారు కొద్దిమంది కనబడితే చాలు, తట్ట ఒరుగుతుంది. రైతు సేవా కేంద్రంలో ఒక తేదీ రాసిపెట్టి, 'ఫలానా రాత్రి మన ఊళ్లో అందరి గట్ల మీదా మంటలు' అని దండోరా వేయించండి.

రైతు సోదరులకు చివరి మాట. గొర్రెకు, మనకు ఒక తేడా ఉన్నది. గొర్రె ముందుదాని వెంట కాలువలోకి కూడా పోతుంది. మనం ముందువాడు ఎటు పోతున్నాడో ఒక క్షణం ఆగి చూసుకోగలం. మంచి వైపు అయితే కలిసి నడుద్దాం. కాకపోతే మొదటి రెండు మూడు అడుగుల్లోనే ఆగుదాం, పక్కవాణ్ణి ఆపుదాం. ఈ తొలకరికి మీ ఊళ్లో మొదటి మంట ఎవరి గట్టు మీద పెట్టాలో ఈ రోజే నలుగురూ కూర్చొని అనుకోండి. రోడ్డు దాటే మందకు ముందొకరు, వెనుకొకరు ఉండేటట్లు రేపు పొద్దుటి నుంచే చూసుకోండి.